చిటికెడే కదా అనకండి!

'అన్నం తినేవాళ్ళం... మాకు గోధుమ జబ్బేమిటండీ?'

సీలియాక్ వ్యాధి అని డాక్టరు చెప్పగానే గోదావరి జిల్లాల్లో ఎవరికైనా వచ్చే సందేహమిది. సందేహం సబబే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి చేలే అయ్యాయి. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పండక్కి అరిసెలు... అన్నీ బియ్యంతోనే. గోధుమలకూ మనకూ దూరపు చుట్టరికమే. అలాంటప్పుడు గోధుమలు పడని జబ్బు వస్తే మాత్రం దిగులెందుకు? చపాతీ మానేస్తే సరిపోదా?

సరిపోదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. గోధుమలే ప్రధానాహారమైన చోట శత్రువు కంచంలో ఎదురుగా కనిపిస్తుంది. మన దగ్గర అలా కాదు. చిటికెడు ఇంగువగా పోపులోకీ, గుప్పెడు రవ్వగా పెసరట్టులోకీ, దోసెడు ప్రసాదంగా చేతిలోకీ వస్తుంది. పైగా 'చిటికెడే కదా, ఏం కాదులే' అనే మాటతో సహా వస్తుంది!

అసలేమిటీ జబ్బు?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చపాతీ పిండి సాగేది ఈ జిగురు వల్లే. సీలియాక్ ఉన్నవారిలో ఆ గ్లూటెన్ చిన్నపేగులోకి చేరగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడి సొంత పేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డకు నూగు ఉన్నట్టు సన్నటి పోగులుంటాయి. తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

ఇది అజీర్తి కాదు, గోధుమ అలర్జీ కూడా కాదు. వేయించినా, ఉడికించినా గ్లూటెన్ గుణం పోదు. మందులతో నయం చేసే మార్గం ఇంతవరకూ లేదు. ఉన్న ఒక్క చికిత్స... జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా తిండితో ముడిపడిందే. గోధుమల మీద అనుమానం 1930ల నుంచే ఉన్న డచ్చి పిల్లల డాక్టరు విలెమ్ డికే, రెండో ప్రపంచ యుద్ధంలో ఒక విచిత్రం గమనించారు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరవొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. ఆయన తన పరిశోధనను 1950లో ప్రచురించారు. నేటి పథ్యానికి పునాది అదే.

మనకు తక్కువే... కానీ!

దక్షిణాదిలో ఈ జబ్బు తక్కువన్న మాట నిజమే. దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించిన సర్వే ఒకటి 2016లో వెలువడింది. రక్తపరీక్షలో సీలియాక్ సూచనలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో కనిపిస్తే, దక్షిణాదిలో 0.10 మందిలోనే కనిపించాయి. అంటే వెయ్యికి ఒక్కరు.

ఆ సర్వేలోనే మరో ముఖ్యమైన సంగతి ఉంది. ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం మూడు ప్రాంతాల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. దక్షిణాదిలోనూ మూడింట ఒక వంతుకు పైగా జనంలో ఉన్నాయి. ఆ జన్యువులున్న అందరికీ జబ్బు రాదు, కొద్దిమందికే వస్తుంది. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది తిండిలో. ఉత్తరాదిలో మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాదిలో 25 గ్రాములు.

మరి ఆ పాతిక గ్రాములు అలాగే ఉంటాయా? షుగరు వచ్చిందంటే రాత్రికి చపాతీ. బడికెళ్ళే పిల్లాడి డబ్బాలో నూడుల్స్. సాయంత్రం బేకరీ పఫ్. మన వంటింట్లో గోధుమ వాటా పెరుగుతూనే ఉంది.

జబ్బు అరుదు కావడంతో వచ్చిన ఇబ్బంది ఇంకొకటి ఉంది... దాని మీదికి ఎవరి దృష్టీ పోదు. వారాల తరబడి విరేచనాలు, ఉబ్బిన పొట్ట, వయసుకు తగ్గ ఎత్తూ బరువూ లేని పిల్లలు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా తగ్గని రక్తహీనత, మాటిమాటికీ నోటిపూత, పెళుసైన ఎముకలు, ఆలస్యంగా రజస్వల కావడం, పిల్లలు కలగకపోవడం... ఇవన్నీ సీలియాక్ వల్ల కావచ్చు. కొందరికి విరేచనాలే ఉండవు, రక్తహీనత ఒక్కటే ఉంటుంది. పసివాళ్ళలో అయితే పాలతో పాటు రస్కులూ బిస్కట్లూ మొదలుపెట్టాక లక్షణాలు కనిపించవచ్చు. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం తయారీలోనూ గోధుమలు వాడతారు.

మొదట చేసేది టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. దాన్ని బట్టి ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమలు మానకూడదు. ముందే మానేస్తే పేగు కోలుకుని పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. ఇంట్లో ఒకరికి ఉన్నట్టు తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. టైప్-1 మధుమేహం, థైరాయిడ్ జబ్బులున్నవారిలో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

చిటికెడు లెక్క ఇదీ!

ఒక గ్రాము మైదా అంటే టీస్పూనులో మూడో వంతు. అందులో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. ఇటలీ పరిశోధకులు పథ్యంలో ఉన్న రోగుల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు లోపలికి వెళితే చాలు, పేగు దెబ్బతింటోందని తేలింది. అంటే రోజుకో చిటికెడు! తిన్నరోజు కడుపునొప్పి రాకపోవచ్చు. అందుకే 'మొన్న తిన్నాడుగా, ఏమైంది?' అనుకుంటాం. పేగు మాత్రం లెక్క రాసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడా చిటికెళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూద్దాం.

మొదటి ముద్దాయి ఇంగువ. అసలు ఇంగువ ఇరాన్, అఫ్గానిస్థాన్ వైపు పెరిగే మొక్కల వేళ్ళ నుంచి కారే జిగురు. ఘాటు ఎక్కువ కాబట్టి నేరుగా వాడలేం. అందుకని తుమ్మజిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో మైదా లేదా గోధుమపిండి. ఇక చూసుకోండి... పప్పుచారు, పులిహోర, మజ్జిగపులుసు, దప్పళం, పోపు పెట్టిన పచ్చళ్ళు! బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. డబ్బా వెనక చదివి అదే కొనాలి. దొరక్కపోతే నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసుకుంటే పోపుకు లోటుండదు.

రెండోది 'రవ్వ' అనే మాట. ఇడ్లీ రవ్వ బియ్యంది, భయం లేదు. బొంబాయి రవ్వ గోధుమది. ఉప్మా, రవ్వదోసె, రవ్వ ఇడ్లీ, కేసరి... ఇవన్నీ దానితో చేసేవే. హోటల్లో 'రవ్వతో చేశారా?' అని అడిగితే చాలదు, 'ఏ రవ్వ?' అని అడగాలి. సేమ్యా కూడా సాధారణంగా గోధుమదే. పెసరట్టు నిక్షేపంలాంటిది కానీ లోపల ఉప్మా పెట్టిన పెసరట్టు కాదు.

మూడోది బార్లీ. ఎండాకాలం చలవకనీ, కాళ్ళవాపులకనీ బార్లీ జావ తాగించడం మన ఇళ్ళల్లో అలవాటు. బార్లీలోనూ గ్లూటెన్ ఉంది. బార్లీని మొలకెత్తించి చేసేదే మాల్టు. పిల్లల పాలల్లో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ, గోధుమ రెండూ ఉండొచ్చు. పేరు చూసి మోసపోవద్దు. ఇంట్లో చేసుకునే రాగి మాల్టు వేరు, దుకాణంలో కొనే మాల్టు వేరు.

నాలుగోది పిండిమర. బియ్యం, రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు... వేటిలోనూ గ్లూటెన్ లేదు. కానీ మీకన్నా ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్ళిన మరలోనే మీ బియ్యం పోస్తే? ముందు రాలే పిండి వాళ్ళదే. సంక్రాంతికి అరిసెల తడిపిండి ఆడించేటప్పుడూ ఇదే ముప్పు. కొద్దిగా కావాలంటే మిక్సీలో వేసుకోవడం, ఎక్కువైతే రోట్లో దంచుకోవడం మేలు. ఓట్స్ కూడా చాలావరకు గోధుమతో కలిసిపోయి వస్తాయి కాబట్టి డాక్టరునడగకుండా మొదలుపెట్టొద్దు.

అయిదోది నూనె మూకుడు, అట్ల పెనం. మిరపకాయ బజ్జీ శనగపిండిదే. కానీ అదే నూనెలో అంతకుముందు వేగింది మైసూరు బజ్జీ. దోసెలో గోధుమ లేదు, కానీ ఆ పెనం మీద ఇందాక కాలింది పరోటా. ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఫ్రైడ్ రైస్ అన్నమే, కానీ అందులో పోసే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, గరిటె నూడుల్స్‌ది.

ఇంట్లో ఏం చేయాలి?

ఒకే ఇంట్లో తాతయ్యకు షుగరు, మనవరాలికి సీలియాక్ ఉన్నాయనుకోండి. తాతయ్యకు రాత్రి చపాతీ కావాలి. చపాతీ పిండి చల్లుతుంటే గాల్లోకి లేచేది ఎక్కడైనా వాలుతుంది. అందుకని పాప వంట ముందు చేసి మూతపెట్టాలి, చపాతీ చివర్లో చేయాలి. పాపకు పెనం, అట్లకాడ, జల్లెడ, పోపుడబ్బా వేరుగా ఉండాలి. చెక్క గరిటెలు, చపాతీ పీట, అప్పడాల కర్ర కడిగినా పూర్తిగా వదలవు, కాబట్టి కలపకూడదు. ఆమె డబ్బాలు పై అరలో పెట్టాలి. కింది అరలో పెడితే పైనుంచి పిండి రాలుతుంది. ఇంకా తేలిక మార్గం... తాతయ్యకు కూడా పెసరట్టో, జొన్నరొట్టో తినే వీలుందేమో ఆయన డాక్టరునడగడం. కుదిరితే గోధుమపిండి డబ్బా ఇంట్లోంచే వెళ్ళిపోతుంది!

కొనే వస్తువుల సంగతికొస్తే, మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేనిదానికే 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలేమైనా వాడితే అలర్జీ హెచ్చరికగా చెప్పాలి. ఆటా, మైదా, సూజీ, బార్లీ, మాల్ట్... ఈ అయిదు మాటలూ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. బడికెళ్ళే పిల్లలు కూడా చదివి చెప్పేస్తారు. కొన్ని మాత్రల తయారీలోనూ పిండి వాడతారు కాబట్టి మందుల షాపుకెళ్ళే ముందే డాక్టరుకు జబ్బు సంగతి గుర్తుచేయాలి.

ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. మన గోదావరి వంటిల్లే పెద్ద అంగడి. మినప్పప్పు, బియ్యపు రవ్వతో దిబ్బరొట్టె. పనసాకుల బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు. పెసరపప్పు వేసిన ఉప్పుడు పిండి. బొంబాయి రవ్వ ఉప్మాకు దీటుగా నిలబడేది అదే. పనసపొట్టు కూర, కందా బచ్చలి, పులస పులుసు, రొయ్యల వేపుడు. తీపిలో అరిసెలు, పాకుండలు, సున్నుండలు, పూర్ణం బూరెలు. బూరెల తోపు పిండిలో మైదా కలపకుండా మినప్పప్పూ బియ్యమే వేస్తేనే సుమా!

మిఠాయి దుకాణంలో మాత్రం గీత గీసుకోవాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులో ఉన్నది బియ్యప్పిండి రేకు, నెయ్యి, బెల్లం లేదా పంచదార. హాయిగా తినొచ్చు. చాక్లెట్, మాల్టు పొడులు చల్లిన కొత్త రకాలైతే అడిగి తీసుకోవాలి. తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా మాత్రం మైదావి. కష్టమైనా వాటికి దూరంనుంచే దండం పెట్టాలి. బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు కూడా మైదాతోనో గోధుమపిండితోనో చేసేవే.

రోజూ తెల్లన్నం ఒక్కటే తింటే ఐరన్, పీచు తగ్గుతాయి. జబ్బు బయటపడేసరికే రక్తహీనత ఉంటుంది. అందుకని పప్పులు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, శుభ్రంగా ఇంట్లోనే విసిరిన రాగులు తప్పకుండా ఉండాలి. పేగు దెబ్బతిన్న మొదట్లో కొందరికి పాలు కూడా పడవు. పేగు కోలుకుంటే అవీ పడతాయి. పిల్లల్లో కొన్ని నెలల్లోనే తేడా కనిపిస్తుంది. పెద్దవాళ్ళకు ఏళ్ళు పట్టొచ్చు. పథ్యం సరిగ్గా సాగుతోందో లేదో డాక్టరు మళ్ళీ రక్తపరీక్ష చేయించి చెబుతారు.

ఒక్క మాట. జబ్బు లేనివాళ్ళు ఫ్యాషన్ కోసం గోధుమలు మానాల్సిన పనిలేదు. ఇది సన్నబడే చిట్కా కాదు.

ప్రసాదం దగ్గర చిక్కు

ఇంట్లో జాగ్రత్తలు నేర్చుకోవడానికి నెల రోజులు చాలు. గుమ్మం దాటాకే అసలు పరీక్ష. మన గోదావరి మర్యాద సంగతి తెలిసిందే కదా! 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించి వార్తల్లోకెక్కిన సీమ మనది. వద్దంటే 'మా వంట నచ్చలేదా?' అంటారు. 'ఒక్క కాజా తింటే ఏమవుతుందమ్మా, నా మీద ఒట్టు' అని పెళ్ళిలో అత్తయ్యగారు ఒట్టేస్తే కొత్తకోడలు ఏం చేస్తుంది? నోరు తెరిచి జబ్బు సంగతి చెబితే పదిమందిలో పలచనవుతామేమోనని భయం. చెప్పకుండా తింటే పేగుకు చేటు. ఆడపిల్లకు ఈ జబ్బుందని తెలిస్తే సంబంధాలు రావని దాచే ఇళ్ళూ ఉంటాయి. దాచిన జబ్బుకు పథ్యం చేయడం ఎవరితరం?

అన్నిటికన్నా కష్టం, కాదనలేనిది ప్రసాదం. అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతో చేసేది. ఆ నేతి వాసన తగిలాక వద్దనడం ఎంత కష్టమో గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయినా తప్పదు. చేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, పక్కవారికి అందించి, చెయ్యి కడుక్కోవాలి. తినకపోతే స్వామికి కోపమొస్తుందేమోనని పెద్దవాళ్ళు బాధపడుతుంటే వాళ్ళకొక సంగతి చెప్పండి. సత్యనారాయణ వ్రత కథలోనే నైవేద్యానికి గోధుమపిండి చెబుతూ, అది లేకపోతే బియ్యప్పిండి అయినా సరేనని ఉంది. ఇంట్లో వ్రతం చేసుకుంటే బియ్యపు నూకతోనే ప్రసాదం వండండి. శాస్త్రమే ఒప్పుకున్నప్పుడు మనకెందుకు బెంగ?

చర్చిలో ఇచ్చే సంస్కారపు రొట్టె గోధుమదే. ముందుగా ఫాదర్‌తోనో పాస్టర్‌తోనో మాట్లాడితే వేరే మార్గం చూపుతారు. రంజాన్ నెల హలీమ్‌లోనూ గోధుమ ఉంటుంది. ఏ గుమ్మంలోనైనా ముందే చెప్పడమే మంచిది, విస్తరి ముందు కూర్చున్నాక కాదు.

పెళ్ళికి వెళ్ళాల్సొస్తే నాలుగు రోజుల ముందే ఆ ఇంటికి ఫోన్ చేయండి. వంటవాళ్ళకు చెప్పి ఇంగువ పడని పప్పు, కూర కొద్దిగా ముందే తీయించమనండి. వడ్డన మొదలవ్వకముందే ఆ పళ్ళెం వేరే గరిటెతో పక్కన పెట్టించుకోండి. బఫే అయితే ఒక గరిటె పది గిన్నెల్లో తిరుగుతుంది కాబట్టి అందరికన్నా ముందు వడ్డించుకోవాలి. ఏదీ కుదరకపోతే ఇంట్లో తిని వెళ్ళి, అక్కడ పెరుగన్నం, అరటిపండుతో సరిపెట్టుకోండి. పిల్లల విషయంలో టీచరుకు చెప్పడం తప్పనిసరి. తరగతిలో పుట్టినరోజు కేకు పంచిన రోజున మీ పాప ఖాళీ చేతులతో ఉండకుండా ఒక సున్నుండల డబ్బా టీచరు దగ్గర ఉంచండి.

ఇక పెట్టేవాళ్ళకు. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టారు. 2024లో రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. అన్నం పెట్టడంలో అంత పేరున్న నేల మనది. ఈసారి మీ ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వడ్డించే ముందు ఒక్క మాట అడగండి... 'మీకు పడనిదేమైనా ఉందా అండీ?' అని. ఉందంటే ఇంగువ డబ్బా పక్కన పెట్టండి. తినమని రెండోసారి బలవంతం చేయకండి. వాళ్ళు మళ్ళీ మీ ఇంటికి భయం లేకుండా వస్తారు.